వారం అడిగే సిస్టరమ్మ

గుంతకల్లు స్టేషను బయట టీ తాగుతూ, ఎదురుగోడకు కట్టిన ఫ్లెక్సీని చూస్తూ నిలబడ్డాను. మోటార్లకు చుట్టే రాగి తీగ కోసం వెళ్లిన పని. ఫ్లెక్సీకి నల్ల అంచు, రెండు పక్కలా చామంతి దండల బొమ్మలు, మధ్యలో తెల్లచీర కట్టిన ఒకామె ముఖం. ఎక్కడో చూసిన ముఖమే. చుట్టాల్లో వెతికాను. మోటారు బాగు చేయించుకుని మళ్లీ కనిపించని వాళ్లలో వెతికాను. దొరకలేదు. గ్లాసులో టీ అడుక్కి వచ్చాక తట్టింది. బొమ్మలో ఆమె చేతిలో టార్చి లేదు. అది లేకపోయేసరికి నేను పోల్చుకోలేకపోయాను.

పోల్చుకున్నాక మాత్రం ఆ ముఖం నన్నే చూడడం మొదలుపెట్టింది. ప్రశ్న అడిగేసి, జవాబు ఇంకా రాలేదన్నట్టు.

ఫ్లెక్సీ మీద ఆమె పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పేరు నాకు తెలియడం అదే మొదలు. ఇక్కడ రాయను. పొద్దస్తమానం ఆసుపత్రిలో మంచం మంచానికీ తిరిగి అందరి పేర్లూ అడిగిన మనిషి ఆమె. నీ పేరేమమ్మా అని మాలో ఒక్కడూ అడగలేదు. పోయిన తర్వాత గోడ మీద చదువుకుని, ముందునుంచీ తెలిసినట్టు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నాకు సిగ్గు అంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

మాది గార్లదిన్నె పక్కన ఊరు. బోరు మోటార్లు విప్పి బిగించడం నా పని, కథలు కట్టడం నా జబ్బు. నేను చెప్పేదాన్ని మా ఇంట్లో సగం చేసి వింటారు. పదిమంది వస్తున్నారని చెబితే మా ఆమె ఐదుగురికే సంగటి కెలుకుతుంది. ఒక్కసారీ తక్కువ పడలేదు. మా బామ్మర్దికైతే ఈ సగం లెక్క ఉగ్గుపాలతో వచ్చింది. పెళ్లినాడు మా ఆమె వెనక నిలబడి నన్ను చూసి నవ్విన పిల్లవాడు, పెద్దయ్యాక నాకు పేకాటలో జతగాడయ్యాడు. ఎదురెదురుగా కూచుని వేళ్లతో సైగలు చేసుకుని ఎంతమందిని ముంచామో చెబితే మీరు కూడా సగం చేసుకోవాల్సిందే.

ఎనిమిదేళ్ల కిందట వాడు శనక్కాయ కట్టె వామి వేస్తూ వామి మీది నుంచి వెల్లకిలా కళ్లంలో పడ్డాడు. ఆ ఏడు వాన లేక కళ్లం బండలాగా ఉంది. పడినవాడు తనంతట తనే లేచాడు. తల తడుముకున్నాడు, నవ్వాడు, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ వామి ఎక్కాడు. సాయంకాలానికి తలనొప్పి అన్నాడు. కడుపులో తిప్పడమన్నది లేకుండానే, మాట మధ్యలో, గోడ మీదికి ఎగజిమ్మినట్టు వాంతి చేసుకున్నాడు. నేను దాని మీద కూడా ఒక పరాచికమాడాను. మా ఆమె ఆడలేదు. తమ్ముణ్ని జీపులో వేయించి, ఎట్లా తీసుకుపోతున్నానో అట్లాగే తిరిగి తేవాలని నాతో చెప్పి పంపింది.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తలకు ఫొటో తీశారు. లోపల కొంచెం రక్తం కనిపిస్తోంది, ఇప్పుడైతే కోయాల్సిన పని లేదు, కనిపెట్టి చూస్తూ ఉండాలి, తేడా వస్తే వెంటనే మళ్లీ ఫొటో అన్నాడు డాక్టరు. కనిపెట్టి చూడడం అంటే ఊరికే చూడడమనుకున్నాను. అది ఒక పని అని, దానికి ఒక మనిషి ఉంటుందని ఆమె వచ్చాకే తెలిసింది.

పొట్టిగా, నల్లగా, యాభై దాటిన మనిషి. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. నడుములో దోపుకున్న వేలెడు టార్చి, జారి పడకుండా ఎర్రదారంతో కట్టి ఉండేది. ఎవరి కంట్లో వేసేముందైనా ఒకసారి తన అరచేతిలో వెలిగించి చూసుకునేది. ఆమె చేయి లోపలినుంచి ఎర్రగా వెలిగేది. సెల్లులు మందగిస్తే కళ్లు మందగించినట్టు కనపడతాయట. ఎవరిది మందమో ముందే తేల్చుకోవాలట. రెండు కొత్త సెల్లులు ఎప్పుడూ ఆమె టిఫిను డబ్బా మూతలో ఉండేవి, ఊరగాయ పక్కన.

ఆ వార్డులో పాతకాలపు ఇనప మంచాలు. తల వైపు లేపే మర లేదు. ఆమె ఇటుకలు తెప్పించుకుంది. తలకు దెబ్బ తగిలినవాడు వస్తే చాలు, తల వైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పడేవి. మంచం ఏటవాలుగా లేచేది. తల కింద మెత్త దిండు ఉంటే లాగేసి, మెడకు రెండు పక్కలా దుప్పటి చుట్టలు పెట్టి ముక్కూ బొడ్డూ ఒక గీతలో ఉన్నాయా అని కాళ్ల దగ్గర నిలబడి ఒంటికన్నుతో చూసేది, తాపీమేస్త్రీ గోడ చూసినట్టు.

మా పక్క మంచం మీద ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక మగ్గం మనిషి ఉండేవాడు. అతని అక్క, తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూచునేది. మా దిక్కు ఆడవాళ్లందరూ అంతే కదా. సిస్టరమ్మ ఆమెను ఎన్నిసార్లు లేపిందో. ఒళ్లో మెడ వంగిపోతుందని, పైకెక్కిన రక్తం కిందికి దిగే దోవ నొక్కుకుపోతుందని చెప్పినా ఆమె వినలేదు. చివరికి ఒకసారి పక్కన కూచుని నిదానంగా అడిగింది.

"సంగటికి ఎసరు పెడతావు గదమ్మా. పొంగితే ఏమైతాది?"

"మూత ఎగురుతాది."

"తలకాయకు ఎగిరే మూత ల్యాదు. లోపల రక్తం చేరినా, వాపు వచ్చినా పోయేకి తావు ల్యాదు. మెదడే నలుగుతాది. నలిగేటప్పుడు అది అరవదు తల్లీ, నిద్రపోతాది. అందుకే నేను లేపేది."

ఆ అక్క ఒళ్లోంచి తల దించి మంచం మీద పెట్టింది. ఆ తర్వాత తమ్ముడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూచుంది.

లేపడం దగ్గరే అందరికీ ఆమెతో పేచీ. గంట గంటకూ వచ్చేది. ఇంటిపేరుతో సహా పిలిచేది. పలకకపోతే గట్టిగా, అప్పటికీ పలకకపోతే భుజం కండ పట్టి నొక్కేది. పాపం ఇప్పుడే పడుకున్నాడమ్మా అని ఎవరన్నా అంటే, నిద్రో మత్తో లేపితేనే కదా తెలిసేది అనేది. కళ్లు తెరిచాక అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే, అదే వరసలో. నీ పేరేమి. ఇది యా తావు. ఈ పొద్దు ఏ వారం. ఒకటి రెండుగా కనపడతాండాదా. తర్వాత రెండు చేతులూ పట్టుకుని నొక్కమనేది, టార్చి వేసేది, ముంజేతి నాడి పట్టుకుని రొమ్ముకు తగిలించుకున్న గడియారం చూసేది, బీపీ పట్టీ చుట్టేది, అన్నీ కాగితంలో ఎక్కించేది.

ప్రశ్న అడిగాక ఆమె ఊరుకునే తీరు ఉందే, దాన్ని మరిచిపోలేను. అందించేది కాదు, తొందరపెట్టేది కాదు. జవాబు కోసం అట్లా చూస్తూ ఉండేది. నర్సింగు చదివే ఒక పిల్ల ఓపిక పట్టలేక రోగికి మొదటి అక్షరం అందించబోతే చేయి అడ్డం పెట్టి ఆపింది. "అడిగినాక నోరు మూసుకోవాల. జవాబు ఎంతసేపటికి వస్తాదో అది కూడా జవాబే" అంది. ఆ పిల్లకే ఇంకోసారి అంకెల సంగతి చెప్పింది. కాగితం మీద ఈ గంట అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదట, పోయిన గంట అంకెకూ దీనికీ నడుమ సందు చూడాలట. వాళ్ల నాయన రైలింజను తోలేవాడట. కొండదారి ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. బీపీ ఎక్కుతూ నాడి దిగుతూ ఉంటే లోపల బండి ఘాటు ఎక్కుతోందని తెలుసుకోమంది.

ఇంతటి మనిషి దగ్గర నేను ఊరుకున్నానా? చేర్చిన మర్నాటి సాయంకాలమే వార్డంతా వినేటట్టు మా ఊరి బోరు కథ ఎత్తుకున్నాను. పదకొండు వందల అడుగులు దించినా చుక్క నీళ్లు రాలేదు, ఇంకో వంద దించితే భూమికి అవతలి పక్కనుంచి ఎవరో "యావనప్పా అది, మా నట్టింట్లో రంధ్రం పెడతాండాడు" అని అరిచారని చెప్పాను. వార్డు వార్డంతా నవ్వింది. ఆమె కాగితంలో రాసుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది.

"అవతల పక్కోళ్లు మన మాట ఎట్ల మాట్లాడిరప్పా?"

అంతమంది ముందు నన్ను నిలబెట్టి అడిగినవాళ్లు అంతకుముందు లేరు. మనవాళ్లే వలసపోయి అక్కడ ఉన్నారని సర్దుకున్నాను. అప్పుడు నవ్వింది, పళ్లు కనపడకుండా. వెంటనే నా దగ్గరికి వచ్చి, చిన్నగా, నీ బామ్మర్దిని మాత్రం నగించొద్దు అని చెప్పింది. నవ్వినా, దగ్గినా, ముక్కినా తలలో ఒత్తిడి పెరుగుతుందట. నాకు తెలిసిన ఒకే ఒక విద్యను ఆ మంచం దగ్గర ఆమె నిషేధించింది. పొద్దటినుంచి ఏమన్నా మారినాడా అని అడిగింది. బాగుండాడమ్మా అన్నాను. బాగుండాడు అనేది మాట కాదప్పా, ఏమి తిన్నాడు, ఏమి మాట్లాడినాడు, ముందు మాట్లాడినట్లే మాట్లాడతాండాడా, అది చెప్పు అంది. పోయేముందు మంచం పట్టీ మీద వేలితో తట్టి, "మాకంటే మీకు ముందు తెలుస్తాది. తెలిసింది దాచిపెట్టుకోవద్దండి" అంది.

ఆ మాట ఆమె నాకు విడమరిచి చెప్పింది. నేను విననట్టు చెప్పుకునేందుకు లేదు.

మరుసటి రోజు బుధవారం. పొద్దున మగ్గం మనిషి ఆమె ప్రశ్నలకు తప్పు చెప్పాడు. తన పేరుకు బదులు వాళ్ల నాయన పేరు చెప్పాడు. అర్ధగంటలో ఫొటోకు తీసుకుపోయారు, అక్కణ్నుంచి అటే ఆపరేషను గదికి. వాళ్లక్క గుండు కొట్టిన వెంట్రుకలు చేత్తో పట్టుకుని వరండాలో కూచుంది. అంతే, వార్డులో మాట పుట్టింది. తప్పు చెబితే పుర్రె కోస్తారు. నల్లామె రాసే మార్కులను బట్టి పంపుతారు. అందరి ముఖాలూ పరీక్షహాలులో పిల్లల ముఖాలయ్యాయి. ఆ చివరి మంచం ముసలాయనకు కొడుకు కూచుని ఆయన పేరు ఆయనకే బట్టీ పట్టిస్తున్నాడు.

మా బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను కోసేకి ఇయ్యొద్దు బావా."

సరేరా, వచ్చినప్పుడు సరిగ్గా చెప్పు చాలు అన్నాను. ఎందుకైనా మంచిదని ఒకసారి నేనే అడిగి చూశాను. పేరు చెప్పాడు. ఆసుపత్రి అన్నాడు. ఏ వారం అంటే కాసేపు కప్పు వైపు చూసి, ఆదివారం అన్నాడు.

ఆ క్షణంలో నాకు తెలిసింది. సిస్టరమ్మకు, డాక్టరుకు, మా ఆమెకు, అందరికంటే ముందు నాకే తెలిసింది. వాడు ఏ సంతకు ఏ రోజు పోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. నేను లేచి పది అడుగులు నడిచి ఆమెకు చెప్పాల్సింది. దానికి బదులు వాడి ముందు చెయ్యి ఎత్తాను. ఆదివారం ఒక వేలు. సోమవారం రెండు. బుధవారం నాలుగు. పేకాటలో ఇరవై ఏళ్లుగా వాడి కళ్లు నా వేళ్లను చదువుతున్నాయి. తల ఎంత మొద్దుబారినా ఆ చదువు పోలేదు.

ఎనిమిది గంటలకు ఆమె వచ్చింది. నేను ఆమె వెనక కిటికీ దగ్గర నిలబడి నాలుగు వేళ్లు చూపించాను. బుధవారం అన్నాడు. ఒకటి రెండుగా కనపడతాండాదా అంటే నేను తల అడ్డంగా ఊపాను, ల్యాదు అన్నాడు. తొమ్మిదికీ అంతే. పదికీ అంతే, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఆమె రాసుకుంది. ఆ మూడుసార్లూ నేను గెలిచానని సంబరపడ్డానని రాయడానికి ఇప్పుడు వేళ్లు ఆడడం లేదు గానీ, సంబరపడ్డాను.

పదకొండుకు వచ్చినప్పుడు ఆమె వెంటనే ప్రశ్నలు అడగలేదు. కాగితంలో అంకెలను పైకే చదువుకుంది. నాడి ఎనభై నాలుగు నుంచి డెబ్బై ఆరుకు, అరవై ఆరుకు దిగుతోంది, బీపీ ఎక్కుతోంది, జవాబులు మాత్రం నూటికి నూరు. అప్పుడు అడిగింది. పేరు గొణిగాడు. వారం అడిగింది. వాడు పలకలేదు. నేను వేళ్లు ఇంకా పైకి ఎత్తాను. వాడి కళ్లు ఆమె ముఖం మీద లేవు. ఆమె భుజం మీదుగా వెనక్కి పోతున్నాయి.

ఆమె ఆ చూపు వెంబడే తిరిగింది. నా చెయ్యి గాల్లోనే ఉంది, నాలుగు వేళ్లు విప్పుకుని.

అరవలేదు. తిట్టలేదు. "ఎన్నిటి నుంచి?" అని మాత్రం అడిగింది. ఎనిమిది నుంచి అన్నాను.

"అట్లైతే ఇంతసేపు నేను రాసింది నీ తలకాయప్పా" అంది. "వీని తలకాయ రాయనేల్యాదు."

నన్ను వార్డు బయటికి పొమ్మంది. గుమ్మం దగ్గర్నుంచి చూశాను. చేతులు నొక్కమంటే ఎడమ చేత్తో నొక్కాడు, కుడిచెయ్యి జారిపోయింది. టార్చి తన అరచేతిలో ఒకసారి వెలిగించి చూసుకుంది. ఆ తొందరలో కూడా. ఎడమ కంట్లో వేసింది, కుడి కంట్లో వేసింది, మళ్లీ ఎడమ కంట్లో. ఎడమ కంటి నల్లగుడ్డు పెద్దదై, వెలుగు పడ్డా ముడుచుకోవడం లేదని ఫోన్లో డాక్టరుకు చెబుతుంటే విన్నాను. పక్కనున్న మనిషి జవాబులు అందించాడు సార్, పొద్దుటి మూడుసార్లూ మాటల వరకు లెక్కలోకి తీసుకోవద్దు అని కూడా చెప్పింది. ఫోను పెట్టేసి, ఆ మూడు చోట్లా ఒక్కొక్క గీత కొట్టింది. గుండుపిన్నంత సన్నటి గీత. పక్కన ఏమి జరిగిందో రాసి సంతకం పెట్టింది. నర్సింగు పిల్ల దిద్దేయమంటారా అని అడిగినట్టుంది.

"చెరపకూడదు. ఏమి తప్పు రాసినామో కింద చదివేకి వీలుండాల."

స్ట్రెచరు తోసేటప్పుడు కూడా వాడి మెడ వంగకుండా పక్కన నడుస్తూ రెండు చేతులతో తల పట్టుకునే పోయింది.

పుర్రెకు రంధ్రం పెట్టి గడ్డకట్టిన రక్తం తీశారు. బతికాడు. డాక్టరు బయటికి వచ్చి, ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నాడు. ఇంకొంచెం ముందైతే కుడిచెయ్యి కూడా పూర్తిగా దక్కేదేమో అన్నాడు. ఆయన ఆ 'ఏమో'ను ఊరికే అన్నాడు, నా ముఖం కూడా చూడలేదు. ఇన్నేళ్లయినా అది నా చెవిలోంచి దిగలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి పోతున్న ఆమెకు మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాను. కాళ్లు పట్టుకోబోతే రెండు మెట్లు వెనక్కి ఎక్కింది. తాను డాక్టరుకు చెప్పాల్సింది చెప్పానని, కాగితంలో రాయాల్సింది రాశానని, ఇంట్లో చెప్పడం మాత్రం నీ పని అని అంది. చెప్తానమ్మా, మా ఆమెకు చెప్తాను అన్నాను.

"ముందు అతనికి చెప్పు. తలకాయ అతనిది."

రెండేళ్ల తర్వాత రాప్తాడు దగ్గర బస్సులో ఉన్నాను. మోటారులోంచి బతికున్న చేప వచ్చిన కథ చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నాను. ముందు సీట్లో ఒకామె వెనక్కి తిరిగింది. ఆమే. రోగి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, ఎట్లుండాడని అడిగింది. చెయ్యి కొంచెం మొద్దుగా ఉంది, నడుస్తున్నాడు, తింటున్నాడు అని చెప్పాను. బాగుండాడు అనకుండా జాగ్రత్త పడ్డాను.

"చెప్పినావా?"

చెప్పాను అన్నాను. తడబడకుండా, రెప్ప కొట్టకుండా చెప్పాను. ఆమె అట్లాగే చూస్తూ ఊరుకుంది, ప్రశ్న అడిగాక ఊరుకున్నట్టు. టార్చి చేతిలో లేకపోయినా నా కళ్లు ముడుచుకున్నాయి. బస్సు ఆగింది, దిగిపోయింది. చేప కథ చివర ఏమైందని పక్కవాళ్లు అడిగితే నాకు గుర్తు రాలేదు.

చెప్పకపోవడానికి ఒక కారణం ఉండేది, రోజూ నా కళ్ల ముందు తిరుగుతూ. మా బామ్మర్దికి అప్పటినుంచి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏమడిగినా, అడిగినవాళ్ల ముఖం చూడడు. వాళ్ల భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. కాసేపు చూసి, అక్కడ ఏదో కనపడకపోతే, అప్పుడు జవాబు చెబుతాడు. అన్నం తిన్నావా అన్నా అంతే, బస్సు టిక్కెట్టు ఎక్కడికన్నా అంతే. కండక్టర్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తారు. అంగడివాళ్లు తిరిగి చూస్తారు. ఊళ్లో కొందరు వాడితో సాయంకాలం మాట్లాడడం మానేశారు. వాడికి ఎవరో కనపడుతున్నారని, ఆసుపత్రిలో చచ్చినవాడెవడో వెంట వచ్చాడని మా ఆమె దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టే ముసలాయన కూడా, నీ పేరేమి నాయనా అని అడిగి, వాడి చూపు వెంబడి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఆయన వెనక నిలబడి ఉన్నది నేనే, చెప్పులు పట్టుకుని. దెయ్యాల కథలు నేను వంద కట్టి ఉంటాను. సగం చేసుకుంటే యాభై. బతికుండగానే ఒక మనిషికి దెయ్యమై తగులుకున్నవాడి కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

గుంతకల్లునుంచి ఇంటికి వచ్చిన మరుసటి పొద్దున, మా బామ్మర్ది వసారాలో కూచుని ఎడమచేత్తో శనక్కాయలు ఒలుస్తున్నాడు. మా ఆమె పక్కనే చేటలో పొట్టు చెరుగుతోంది. ఎదురుగా కూచున్నాను. ఆసుపత్రిలో వారం అడిగే సిస్టరమ్మ పోయిందంట అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. నువ్వు ఆదివారం అంటే నేను వేళ్లు చూపించడం, మూడుసార్లు, తల అడ్డంగా ఊపడం, ఆమె కొట్టిన గీతలు, డాక్టరు 'ఏమో', బస్సులో ఆమెతో ఆడిన అబద్ధం. పెంచకుండా, తుంచకుండా చెప్పడం నాకు అలవాటు లేని పని. మధ్యలో రెండుసార్లు దారి తప్పి మళ్లీ వెనక్కి వచ్చాను.

మా ఆమె చెరగడం ఆపి, "దీంట్లో ఎంత సగం చేసుకోవాల?" అంది, నవ్వబోతూ. ఏమీ తీసేయొద్దన్నాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇక ఊరుకున్నాను. ఆమె ఊరుకున్నట్టు. వాడి చేతిలో కాయ అట్లాగే ఉంది. ఎంతసేపైందో తెలియదు. జవాబు ఎంతసేపటికి వస్తుందో అది కూడా జవాబే అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"తెలుసు బావా" అన్నాడు.

ఏమి తెలుసన్నాను.

"మొదటిసారి నాలుగు వేళ్లే కనపడె. మల్లా రెండుసార్లు ఎనిమిది కనపడె. రెండు చేతులు ఎత్తినావేమో అనుకుంటి. వారంలో ఎనిమిదో దినం ల్యాదు గదా. బావ చెప్పేదాంట్లో సగమే నిజం అని, సగం చేసుకొని నాలుగనుకుంటి, బుధవారం అంటి."

మా ఆమె చేట కింద పెట్టింది.

ఆయమ్మ అడిగింది కదరా, ఒకటి రెండుగా కనపడతాండాదా అని. నువ్వు కనపడతాండాదని అనుండాల్సింది కదా అన్నాను.

"అడిగె" అన్నాడు. "నేను నీ దిక్కు చూస్తి. నీకు రెండు తలకాయలుండె. రెండూ అడ్డంగా ఊగె. రెండు తలకాయలూ ల్యాదు అంటుంటే, నేనొక్కణ్ని ఔనని ఎట్లనేది బావా?"

ఆ మాట చెబుతున్నంతసేపూ వాడు నా ముఖం చూడలేదు. నా భుజం మీదుగా, వెనక గోడ వైపే చూస్తున్నాడు.